బుర్రకథ దగ్గర నేర్చుకోవాల్సిన రాజకీయం

(కళలు, వామపక్ష ఉద్యమం అనే అంశంపై జరిగిన సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు వచ్చిన మీ అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, మొహమాటం వద్దు.

నాకు ఇచ్చిన అంశం కళ, సంస్కృతి, వామపక్ష రాజకీయాలు. చాలా పెద్ద అంశం. దీని మీద మాట్లాడమంటే మామూలుగా ఎక్కడ మొదలుపెడతారో మీకు తెలుసు. 1934లో మాస్కోలో సోవియట్ రచయితల మహాసభ, 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అభ్యుదయ రచయితల సభ, 1942లో చైనాలోని యెనాన్‌లో కళా సాహిత్యాల మీద మావో ఉపన్యాసాలు. ఇవన్నీ చదవాల్సినవే. యువకులు తప్పకుండా చదవండి. ఇవాళ మాత్రం నేను ఆ దారిన పోను. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి మొదలుపెడతాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. తెలుగు నేల మీద వామపక్షం జనంలోకి బలంగా వెళ్లిన ప్రతిసారీ, ముందు ఏదో ఒక జానపద కళ దగ్గర కూర్చుని నేర్చుకుంది. నేర్చుకోవడం మానేసి, కళను ఊరికే వాడుకుందామని చూసిన ప్రతిసారీ నష్టపోయింది. ఇది నా అభిప్రాయం. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు. చివర్లో అడగండి, మాట్లాడుకుందాం.

పొన్నెకల్లు ఎవరి ఊరు? షేక్ నాజర్ ఊరు. పెద్దవాళ్లు తలలు ఊపుతున్నారు, పిల్లల కోసం చెబుతాను. 1920లో ఒక పేద దూదేకుల కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే నాటకాల్లో వేషాలు కట్టాడు, సంగీతం నేర్చుకున్నాడు. తర్వాత బుర్రకథకు ఆయన పేరే పర్యాయపదం అయింది. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు, ఈ కథలన్నీ ఆయన గొంతులో ఊరూరా తిరిగాయి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయాడు. దూదేకుల ఇంటి పిల్లవాడు, పేరు షేక్ నాజర్, ఊరి నడిబొడ్డున నిలబడి పలనాటి వీరుల కథ చెబుతుంటే వేల మంది తెల్లవార్లూ విన్నారు. ఇవాళ మనం మతం పేరుతో ఎవరు ఏ కథ చెప్పాలో, ఎవరు ఏ పాట పాడాలో నిర్ణయిస్తున్న రోజుల్లో ఉన్నాం. అందుకే ఈ మాట ముందు చెప్పాను.

సరే, బుర్రకథ అప్పటికి కొత్తదా? కాదు. జంగం కథ అనేవారు, తంబుర కథ అనేవారు, శారద కథ అనేవారు. జంగాలు ఊరూరా తిరిగి చెప్పుకునే కథ. కుటుంబమే ఒక దళం. భర్త తంబుర మీటి కథ చెబితే భార్య గుమ్మెట, అంటే చిన్న మట్టి డోలు, వాయిస్తూ వంత పాడేది. దాంతోనే వాళ్లకు పూట గడిచేది. పట్నాల్లో హార్మోనియం పెట్టుకుని పద్యనాటకాలు ఆడే కాలంలో ఈ కథకు పెద్ద గౌరవం ఏమీ లేదు. అలాంటి కళను 1940ల మొదట్లో కమ్యూనిస్టులు పట్టుకున్నారు. 1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం, మనం ఇప్టా అంటాం, అది పుట్టింది. ఆంధ్రలో ప్రజానాట్యమండలి పుట్టింది. రాజమండ్రి డాక్టరు గరికపాటి రాజారావు గారు నాయకత్వం వహించారు. సుంకర సత్యనారాయణ గారు ‘కష్టజీవి’ అనే బుర్రకథ రాశారు. ఒక మామూలు కూలివాడు బుర్రకథకు నాయకుడయ్యాడు. అంతకు ముందు ఆ స్థానంలో ఎవరుండేవారు? రాజులు, వీరులు, పతివ్రతలు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎందుకు బుర్రకథే? ఎందుకు పెద్ద నాటకం కాదు?

మొదటి కారణం అందరికీ తెలిసిందే, ఖర్చు లేదు. ముగ్గురు మనుషులు చాలు. తెర అక్కర్లేదు, రంగస్థలం అక్కర్లేదు. పెట్రోమాక్స్ దీపం ఒకటి ఉంటే చాలు. సైకిలు మీద పోవచ్చు, ఎడ్లబండి మీద పోవచ్చు. పోలీసులు వస్తున్నారంటే తంబుర భుజాన వేసుకుని పొలాల మీద పడి పోవచ్చు. ఇది నిజమే. కానీ నా లెక్కలో ఇది చిన్న కారణం.

అసలు కారణం ఆ ముగ్గురు నిలబడే పద్ధతిలో ఉంది. మధ్యలో కథకుడు. భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేస్తూ కథ నడుపుతాడు. కుడిపక్క వంతది రాజకీయం. లోకం తెలిసినవాడు, కథ మధ్యలో ఇవాళ్టి ధరలూ, దోపిడీ, పేపర్లో వచ్చిన వార్త తెచ్చి కలుపుతాడు. ఎడమపక్క వంతది హాస్యం. వీడు కథకుణ్ణి అడ్డుకుంటాడు. కథకుడు ఏదో గొప్పగా అనగానే, ‘ఆగాగు, నాకు అర్థం కాలేదు, ఇంతకీ ఆ రాజుగారికి అంత ధాన్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అంటాడు. జనం నవ్వుతారు. నవ్వుతూనే ఆలోచిస్తారు. ఎందుకంటే వాళ్ల మనసులో ఉన్న ప్రశ్నే వాడు అడిగాడు.

చూశారా? వినేవాడి అనుమానానికి కూడా అక్కడ వేదిక మీద చోటు ఉంది. అనుమానం అడిగినవాణ్ణి ద్రోహి అనరు. వాడు దళంలో మూడోవంతు! వాడు లేకపోతే కథ నడవదు. కథకుడు తప్పించుకోలేడు, జవాబు చెప్పి తీరాలి. జవాబు బాగా లేకపోతే ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ లేచి ఇంటికి పోతుంది. ఏ పార్టీ తీర్మానానికైనా ఇంతకంటే గట్టి పరీక్ష ఉందా? నేను అడుగుతున్నాను, మన పార్టీల్లో, మన సంఘాల్లో ఎడమపక్క వంత ఎవరు? ‘నాకు అర్థం కాలేదు’ అని నాయకుణ్ణి అందరి ముందు అడిగే మనిషి ఎవరు?

బుర్రకథ దగ్గర నేర్చుకోవాల్సిన రాజకీయం అని నేను అంటున్నది ఇదే.

ఇప్పుడు ఆ కాలాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. 1942 జులైలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. ఆగస్టులో క్విట్ ఇండియా. దేశమంతా జైళ్లకు పోతోంది. పార్టీ ఏమంది? హిట్లర్ సోవియట్ మీద దాడి చేశాడు, కాబట్టి ఇది ప్రజాయుద్ధం, ఫాసిజాన్ని ఓడించాలి, ఇప్పుడు ఈ ఉద్యమం సరికాదు అంది. ఆ లైను మీద ఇవాళ్టికీ వాదన ఉంది, నేను అందులోకి పోను. జనానికి మాత్రం అది నచ్చలేదు. తిట్టారు. ‘బ్రిటిషువాడి మనుషులు’ అన్నారు. అంటే పార్టీ జనానికి బాగా దూరం కావాల్సిన సమయం అది. సరిగ్గా ఆ సమయంలోనే ప్రజానాట్యమండలి ఊళ్లలోకి పోయింది, జనం వచ్చి కూర్చున్నారు. ఇదెట్లా జరిగింది?

బెంగాల్ కరువు వల్ల జరిగింది. 1943లో అక్కడ లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. 30 లక్షల దాకా అని అంచనాలు ఉన్నాయి. ఆ కథను దళాలు మన ఊళ్లలో చెప్పాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు బెంగాల్‌ను చూశారా? లేదు. కానీ ధాన్యం దాచి ధర పెంచే షావుకారు వాళ్లకు తెలుసు. సర్కారు పెట్టిన కంట్రోలు రేటు తెలుసు, బ్లాకు మార్కెట్ తెలుసు. కుడిపక్క వంత ఆ మాట అనగానే ఊళ్లో ఏ గోదాము గురించి అంటున్నాడో అందరికీ తెలిసిపోయేది. ప్రజాయుద్ధం అనే సిద్ధాంతం ఎక్కని చోట ఆకలి కథ ఎక్కింది. కళాకారులు లైనును పక్కన పెట్టి కాదు, అందులో జనానికి అవసరమైనది ఏదో వెతికి పట్టుకుని చెప్పారు. వెతికిన పని కళాకారులది. ఆ తెలివి వాళ్లదేనని మన చరిత్రల్లో ఎక్కడ రాశాం చెప్పండి? ‘పార్టీ కళాకారులను సమీకరించింది’ అని రాశాం. ఎవరు ఎవరిని కాపాడారో నాకైతే స్పష్టంగా కనిపిస్తోంది.

ఆడవాళ్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆ రోజుల్లో రంగస్థలం మీద స్త్రీ పాత్రలు మగవాళ్లు వేసేవాళ్లు. స్థానం నరసింహారావు గారంతటి వాళ్లు దాన్ని మహాకళగా చేశారు, కాదనను. కానీ దాని వెనక ఉన్నది ఏమిటి? ‘సంసార స్త్రీ’ వేదిక ఎక్కకూడదన్న కట్టుబాటు. ఎక్కినవాళ్లకు పెట్టే పేరు ఏమిటో మీకు తెలుసు. అలాంటి కాలంలో మోటూరు ఉదయం గారు మహిళా బుర్రకథ దళం కట్టి, తంబుర భుజాన వేసుకుని ఊరి మధ్య నిలబడ్డారు. అసలు ఏ కథా చెప్పకుండా అట్లా నిలబడినా చాలు, అది రాజకీయమే.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారు ఇంకొకరు. 1918లో పుట్టారు. బాల వితంతువు. మళ్లీ పెళ్లి చేసుకున్నారు, ఉద్యమంలోకి వచ్చారు, పాటలు పాడారు, నాటకాలు వేశారు, రహస్య జీవితం గడిపారు. 2018లో, నూరేళ్లు నిండాక విశాఖలో కన్నుమూశారు. తొంభై దాటాక ‘నిర్జన వారధి’ అని ఆత్మకథ రాశారు. దయచేసి చదవండి. ఉద్యమం ఒక ఆడమనిషికి ఏమిచ్చిందో, ఆమె దగ్గర ఏం తీసుకుందో రెండూ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఆమె ఎవరినీ తిట్టలేదు. ఎంత ఒంటరిగా బతికారో మాత్రం దాచలేదు. కళాకారిణిగా చప్పట్లు కొట్టినవాళ్లం, మనిషిగా ఆమె ఒంటరితనాన్ని పట్టించుకున్నామా? ఈ ప్రశ్న వామపక్షం తనను తాను అడుగుకోవాలి. గట్టిగా అడుగుకోవాలి.

ఇక ‘మా భూమి’. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన నాటకం, 1947. ఇది తెలంగాణ కథ. జనగామ ప్రాంతంలో కామారెడ్డిగూడెం అనే ఊరుంది. అక్కడ షేక్ బందగీ అనే పేద రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ అనే పెద్ద భూస్వామి మీద కోర్టుల్లో పోరాడాడు. ఏళ్ల తరబడి పోరాడాడు. 1940లో ఆయన్ను చంపేశారు. సమాధి ఇప్పటికీ ఉంది, జనం అక్కడ మొక్కుకుంటారు. ఆ కథను తీసుకుని నాటకం రాసింది ఎవరు? నిజాం రాజ్యం బయట, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆంధ్ర రచయితలు. ఆడింది ఎక్కువగా కోస్తా ఊళ్లలో. వందకు పైగా దళాలు ఆడాయని చెబుతారు. వెట్టి అంటే ఏమిటో, గడీ అంటే ఏమిటో, దొర అంటే ఏమిటో కృష్ణా జిల్లా రైతుకు ఆ నాటకం చెప్పింది. రెండు రాజ్యాల మధ్య సరిహద్దు ఉంది. ఒక ముస్లిం రైతు చావు ఆ సరిహద్దు దాటి వచ్చి ఇక్కడివాళ్లను ఏడిపించింది. 2014లో మనం రెండు రాష్ట్రాలయ్యాం. ఎవరి చరిత్ర వాళ్లు విడివిడిగా రాసుకుంటున్నాం. రాసుకోండి. కానీ బందగీ కథను అక్కడికీ ఇక్కడికీ కలిపి మోసిన మనుషులు ఉన్నారన్నది మరిచిపోవద్దు.

మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నాటకాలను నిషేధించే చట్టం బ్రిటిషువాడు 1876లో చేసిపెట్టి పోయాడు. బెంగాల్ నాటకాలకు భయపడి చేసిన చట్టం అది. స్వాతంత్ర్యం వచ్చింది, చట్టం మాత్రం అప్పుడు పోలేదు. కొత్త ప్రభుత్వానికి కూడా పనికొచ్చింది.

తెలంగాణ లోపలికి వస్తే సుద్దాల హనుమంతు గారు. నేత కుటుంబం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాట ఆయన చేతిలో పదునెక్కింది. ఆయన ఏం చేశారు? గొల్ల సుద్దులు తీసుకున్నారు. గొల్లవాళ్లు గొంగడి వేసుకుని, కర్ర పట్టుకుని చెప్పే సుద్దులు. ఆ వేషం, ఆ నడక, ఆ యాస ఏదీ మార్చలేదు. లోపల వెట్టి కథ పెట్టారు. పశువులు కాసే పిల్లవాడి మీద పాట కట్టారు. ‘పల్లెటూరి పిల్లగాడా’ మీకందరికీ తెలుసు. ఆ పాటలో నినాదం ఉందా? వెతకండి. పిల్లవాణ్ణి పలకరిస్తాడు, వాడి కష్టం అడుగుతాడు. అంతే. కానీ విన్నాక దొరను క్షమించగలమా? 1979లో తీసిన ‘మా భూమి’ సినిమాలో ఆ పాట వింటే ముప్పై ఏళ్ల కింద కట్టిన పాటలా అనిపించదు. బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ కూడా అట్లాగే. సాయుధ దళంలో పుట్టింది, సినిమాలోకి వచ్చింది, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ప్రతి సభలో మోగింది. నిజాం పోయాడు, పాట ఉంది. ఆ రోజుల్లో అచ్చయిన కరపత్రాలు ఎన్ని మిగిలాయి? ఎవరి నోట్లో మిగిలాయి?

దెబ్బ ఎక్కడ తగిలింది

ఇంత బలమైన ఉద్యమం ఎందుకు కుంగింది? 1948 తర్వాత ప్రజానాట్యమండలి దాదాపు చెల్లాచెదురైంది. మనం ఎప్పుడూ ఒకే కారణం చెబుతాం, నిర్బంధం. నిర్బంధం నిజం. జైళ్లు నిజం, కాల్పులు నిజం. కళాకారులు రహస్యంగా బతకాల్సి వచ్చింది. అందులో ఒక్క అక్షరం కూడా తగ్గించను.

రెండో కారణం కూడా చెప్పాలి. 1948లో కలకత్తా మహాసభలో పార్టీ లైను మారింది. పార్టీ ప్రధాన కార్యదర్శిగా పి.సి. జోషీ దిగిపోయి రణదివే వచ్చారు. జోషీ కాలంలో బొంబాయి అంధేరీలో ఇప్టా కేంద్ర దళం ఉండేది. సితార్ విద్వాంసుడు రవిశంకర్ అక్కడ సంగీతం కూర్చారు. చిత్తప్రసాద్ కరువు బొమ్మలు గీశారు, సునీల్ జానా ఫోటోలు తీశారు. రవిశంకర్‌ను ‘నీకు మార్క్సిజం ఎంత వచ్చు’ అని ముందు పరీక్ష పెట్టి తీసుకున్నారా? లేదు. పని చేయనిచ్చారు. ఆ వాతావరణం 1948 తర్వాత పోయింది. ఏది విప్లవకరం, ఏది కాదు అనే లెక్క మొదలైంది. లెక్క తేలేలోపు మనుషులు వెళ్లిపోయారు.

ఎక్కడికి వెళ్లారు? మద్రాసు, సినిమాల్లోకి. రాజారావు గారు 1953లో ‘పుట్టిల్లు’ తీశారు. జమున గారికి అది మొదటి సినిమా, అల్లు రామలింగయ్య గారికీ అదే. డబ్బులు రాలేదు. మిక్కిలినేని గారు వెళ్లారు, ఇంకా ఎందరో వెళ్లారు. వాళ్లు సినిమాలో చేసిన పని తక్కువది కాదు. 1950ల్లో తెలుగు సినిమాలో రైతు, కూలి, పల్లె నిజంగా కనిపించాయంటే అందులో మండలి మనుషుల చెయ్యి ఉంది. కొందరు వాళ్లను ‘అమ్ముడుపోయారు’ అన్నారు. నాకు ఆ మాట వింటే కోపం వస్తుంది. వాళ్లకు పెళ్లాం పిల్లలు ఉన్నారు. దళంలో ఉన్నన్నాళ్లు తిండి ఎవరు పెట్టారు? జైలు నుంచి వస్తే ఇల్లు ఎవరు చూశారు? కళాకారుడికి ఆకలి ఉంటుందన్న సంగతి ఆకలి మీద కథలు చెప్పించుకున్నవాళ్లకే గుర్తు లేకపోతే ఎట్లా?

తర్వాత శ్రీకాకుళం. బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకున్నాడు. ఉత్తరాంధ్రలో జముకు వాయిస్తూ గ్రామదేవతల కథలు చెప్పే సంప్రదాయం అది. దాన్ని గిరిజన రైతాంగ పోరాటం కథగా మార్చాడు. 1969 డిసెంబరులో పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు. 1972లో విప్లవోద్యమ కళాసంస్థ జననాట్యమండలి పుట్టింది. గద్దర్, వంగపండు. విశాఖ షిప్‌యార్డులో పనిచేసే వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర యాసలో పాట కడితే దేశమంతా వేరే భాషల్లో పాడుకుంది. గద్దర్ గోచీ, గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర. ఆ గొంగడి ఎక్కడిది? సుద్దాల హనుమంతు వేసుకున్నదే, గొల్ల సుద్దులదే. మళ్లీ అదే పని జరిగింది. ముందు జనం కళ దగ్గరికి పోయారు, తర్వాతే జనంలోకి పోగలిగారు. 1997లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి, ఒంట్లో ఒక తూటా అట్లాగే ఉండిపోయింది. 2023లో పోయేదాకా ఆ తూటాతోనే పాడాడు. 1989 జనవరి 1న ఢిల్లీ దగ్గర సాహిబాబాద్‌లో వీధినాటకం ఆడుతున్న సఫ్దర్ హష్మీ మీద దాడి చేస్తే మర్నాడు చనిపోయాడు. ఆయన భార్య మొలయశ్రీ, జనవరి 4నే అదే చోట, అదే నాటకం పూర్తి చేశారు. పాటకు, నాటకానికి బలం లేదనేవాళ్లు ఉంటే, చంపినవాళ్లను అడగమనండి.

ఎవరి డప్పు, ఎవరి నాయకత్వం

ఇక కష్టమైన ప్రశ్న. ఇది అడిగితే కొందరు మిత్రులకు నచ్చదని తెలుసు. అయినా అడుగుతాను.

బుర్రకథ జంగాలది. సుద్దులు గొల్లలవి. డప్పు మాదిగలది. ఈ కళలన్నీ కులాలతో వచ్చాయి. ఒక్కో కులం తరతరాలుగా ఆకలితో, అవమానంతో మోసిన విద్యలు ఇవి. చావుకు డప్పు కొట్టమన్నారు, దండోరా వేయమన్నారు, గుడి బయట నిలబెట్టారు. ఆ డప్పును వామపక్షం సభ మధ్యలోకి తెచ్చింది. అది గొప్ప పని, నేను దాన్ని తక్కువ చేయను. కానీ డప్పు వేదిక మీదికి వచ్చినంత తేలిగ్గా డప్పు కొట్టే మనిషి కమిటీలోకి వచ్చాడా? పాట ఎవరు పాడాలి అన్నప్పుడు ఎవరు గుర్తొచ్చారు, తీర్మానం ఎవరు రాయాలి అన్నప్పుడు ఎవరు గుర్తొచ్చారు?

1985లో కారంచేడు, 1991లో చుండూరు, రెండు చోట్లా దళితులను ఊచకోత కోశారు. ఆ తర్వాత దళిత కవులు ఈ ప్రశ్నలే అడిగారు. ఆడవాళ్లు కూడా అదే కాలంలో తమ కవిత్వంలో తమ ప్రశ్నలు అడిగారు. అప్పుడు మనలో చాలామంది ఏమన్నారు? చీలిక అన్నారు, వర్గ ఐక్యత దెబ్బతింటుంది అన్నారు. బుర్రకథలో ఎడమపక్క వంత ప్రశ్న వేస్తే కథకుడు ‘నువ్వు కథను చీలుస్తున్నావు’ అంటాడా? అనడు. అంటే జనం లేచిపోతారు. ఇక్కడా అదే జరిగింది, కొందరు లేచిపోయారు. మంచి గొంతులు లేచిపోయాయి. వాళ్లు ఇప్పుడు వేరే వేదికల మీద పాడుతున్నారు. బాగా పాడుతున్నారు. పాట బతికింది, మనకు దూరంగా బతికింది.

మధ్యలో ఒక ప్రశ్నకు జవాబు చెప్పి ముందుకు పోతాను. ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు, ‘కళకు రాజకీయం ఎందుకండీ, కళ కళగా ఉండకూడదా’ అని. అడగడం తప్పు కాదు. జంగాలు కథ చెబుతూ తిరిగింది శైవం కోసం కదా? ఏడెనిమిది వందల ఏళ్ల కింద పాల్కురికి సోమనాథుడు పండితుల వృత్త పద్యాలు పక్కన పెట్టి, జనం పాడుకునే ద్విపదలో బసవ పురాణం రాసింది ఎందుకు? తన మతోద్యమం జనంలోకి పోవాలని. అది కళ కాకుండా పోయిందా? రాజుల కొలువులో రాసిన కావ్యంలో రాజకీయం లేదా? ఉంది, రాజుగారి రాజకీయం ఉంది. ఉన్న రాజకీయం మనకు అలవాటైపోతే కనపడదు, అంతే. కాబట్టి రాజకీయం ఉండాలా వద్దా అన్నది కాదు నా బాధ. ఆ రాజకీయాన్ని కళాకారుడు తనంతట తాను ఆలోచించి పట్టుకున్నాడా, ఎవరో రాసి చేతికిచ్చారా అన్నదే నా బాధ.

ఇప్పుడు మన సభలు చూడండి. ఏ సభ అయినా సరే, పేర్లు వద్దు. సాయంత్రం అయిదుకు సభ అంటారు. నాయకులు ఏడున్నరకు వస్తారు. ఆ రెండున్నర గంటలు ఏం చేస్తారు? పాటలు పాడిస్తారు. పాట ఎందుకు? జనం లేచిపోకుండా. పాట మంచి పట్టులో ఉండగా కారు హారన్ వినిపిస్తుంది, ఎవరో వచ్చి గాయకుడి చెవిలో ‘ఆపెయ్’ అంటారు. చరణం మధ్యలో ఆగిపోతుంది. గాయకుడు చెమట తుడుచుకుంటూ వేదిక వెనక్కి పోతాడు. నాయకుడు మాట్లాడేటప్పుడు ఆ గాయకుడు ఎక్కడుంటాడో మీరెప్పుడైనా చూశారా? మెట్ల పక్కన కింద కూర్చుంటాడు. రాత్రి పదకొండుకు ఊరికి బస్సు ఉండదు. చార్జీలు ఎవరిని అడగాలో తెలియదు.

ఇది చిన్న విషయం అనుకోకండి. నా దృష్టిలో కళ పట్ల మన అవగాహన అంతా ఆ చరణం మధ్యలో ఆపించిన దగ్గర కనపడుతుంది. యెనాన్ ఉపన్యాసాల మీద ఎన్ని క్లాసులు పెట్టినా సరే.

పైగా ఇవాళ అవతలి పక్షం పాటను ఎంత శ్రద్ధగా వాడుకుంటోందో చూడండి. ఊరేగింపుల్లో డీజే పెట్టి, మంచి స్టూడియోలో రికార్డు చేసి, ఫోన్లలోకి పంపి, పిల్లల నోళ్లలోకి ద్వేషం ఎక్కిస్తున్నారు. ఆ ట్యూన్లు ఎక్కడివి? చాలా వరకు మన జానపద ట్యూన్లే. మనం పట్టించుకోని ఇంటికి వాళ్లు కాపురానికి వచ్చారు. దీన్ని ఎదుర్కోవడానికి మనం ఏం చేస్తున్నాం? పాత పాటలే పాడుతున్నాం. ఆ పాటలు గొప్పవి, నాకు ప్రాణం. కానీ డెలివరీ బండి మీద రోజంతా తిరిగే కుర్రాడి మీద పాట ఏది? అపార్టుమెంట్లో నాలుగిళ్లలో పనిచేసే మనిషి మీద కథ ఏది? కౌలు రైతుకు పేపరు మీద పేరే ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. ఆ కథ చెప్పే దళం ఏది? సుద్దాల హనుమంతు ఇవాళ ఉంటే పశువుల కాపరిని వదిలేసి ఈ కుర్రాణ్ణి పలకరించేవాడు.

మూడు పనులు అడుగుతాను, నిర్వాహకులు రాసుకోండి.

కళాకారులకు డబ్బులివ్వండి. దీనికి సిగ్గుపడొద్దు. మైకువాడికి ఇస్తున్నాం, టెంటువాడికి ఇస్తున్నాం, ఫ్లెక్సీవాడికి ఇస్తున్నాం. పాడినవాడికి మాత్రం ‘కామ్రేడ్’ అని భుజం తడుతున్నాం. భుజం తట్టండి, దాంతో పాటు కూలీ ఇవ్వండి, బస్సు చార్జీ ఇవ్వండి.

పాట కట్టేవాళ్లను చర్చకు పిలవండి. కార్యక్రమం నిర్ణయం అయ్యాక ‘దీని మీద ఒక పాట కావాలి, ఆదివారానికి’ అని ఫోన్ చేయడం కాదు. నిర్ణయం తీసుకునే రోజున పిలవండి. ఊళ్లో జనం ఏం మాట్లాడుకుంటున్నారో కమిటీ రిపోర్టు కంటే పాట కట్టేవాడికి ముందు తెలుస్తుంది. వాడు ‘ఇది ఊళ్లో ఎవరికీ ఎక్కదు’ అంటే వినండి. అట్లా అన్నందుకు వాణ్ణి పక్కన పెట్టొద్దు.

మూడోది, పెద్దవాళ్లు పోకముందే రికార్డు చేయండి. జముకుల కథ, శారద కథ, సుద్దులు చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. మీ చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. పాట ఒక్కటే కాదు, ఎట్లా నేర్చుకున్నారో, గురువు ఎవరో, ఏ ఊళ్లలో చెప్పారో, ఎవరు కొట్టారో, ఎవరు అన్నం పెట్టారో అడిగి రికార్డు చేయండి. వాళ్లు పార్టీ మనుషులే కానక్కర్లేదు. దేవత కథ చెప్పినా రికార్డు చేయండి. పాణిగ్రాహికి జముకు ఎక్కణ్ణుంచి వచ్చింది? దేవత కథల నుంచే వచ్చింది.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులు చీటీ పంపారు. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. ఒక్క మనవి. ముందుగా డప్పు దళం నుంచి వచ్చిన మిత్రులు మాట్లాడాలి. ఇందాక ఎనిమిది నిమిషాలు వాయించి కింద కూర్చున్నారు, వాళ్ల అభిప్రాయం ఇంతవరకు ఎవరూ అడగలేదు. మైకు అటు ఇవ్వండి.